పరోక్షభూతము: “న్యూయార్కు ముఠాలు” అను చరిత్రగ్రంథమును గూర్చిన విమర్శ

సంస్కృతభాషయందు భూతకాలమును దెలుపుటకు మూఁడు లకారములు గలవు. సామాన్యభూతమునకు లుఙ్, నేఁటిది కాని భూతమునకు లఙ్, నేఁటిది కాకపోవుటయే గాక వక్తకుఁ గన్నులఁ బడనిది కూడ నైన భూతమునకు లిట్టు. జరిగిన పనిని జెప్పువాఁడు దానిని జూచెనా లేదా యను నంశము క్రియారూపముననే తెలియవలయునని యీ విభాగముయొక్క తాత్పర్యము. తెలుఁగున నిట్టి లకారభేదము లేదు. అయినను “అఁట” యను నొక చిన్నమాట యా పనినే నెఱవేర్చుచున్నది. “చెఱువు తెగెను” అను వాక్యమునకును “చెఱువు తెగెనఁట” అను వాక్యమునకును గల భేదము బడిపిల్లవానికిని దెలియును. మొదటిదానికిఁ జెప్పినవాఁడే పూచీదారు. రెండవదానియందుఁ దనకుఁ జెప్పినవాఁ డింకొకఁడు గలఁడని సూచించి యాతఁడు పూచీని దన భుజమునుండి దించుకొనుచున్నాఁడు. వినువాఁడు వెంటనే “ఎవరు చెప్పిరి?” అని యడుగును. ఆ ప్రశ్నయే చరిత్రవిద్యకు మొదటి మెట్టు.

ఆ ప్రశ్న వేయుటకుఁ జదువరికి నవకాశమీయని గ్రంథము పేరునకుఁ జరిత్రమైనను బనికిఁ గథయే యగును. అట్టి గ్రంథము మనోహరముగా వ్రాయఁబడి, లోకమున వ్యాప్తమైనచోఁ గలుగు నపకార మెట్టిదో తెలిసికొనుటకు హెర్బర్టు ఆస్బరీ యను నమెరికా రచయిత యొక్క “న్యూయార్కు ముఠాలు” అను గ్రంథము మంచి యుదాహరణము.

ఆస్బరీ 1889లో మిస్సౌరి రాష్ట్రమున జన్మించెను. న్యూయార్కు వార్తాపత్రికలలోఁ బెక్కేండ్లు విలేఖరిగాఁ బనిచేసెను. 1928లో నీ గ్రంథమును బ్రకటించెను. తరువాత 1933లో శాన్‌ఫ్రాన్సిస్కోను గూర్చియు, 1936లో న్యూ ఆర్లియన్సును గూర్చియు, 1940లోఁ జికాగోను గూర్చియు నిట్టి గ్రంథములనే వెలువరించి 1963లో మరణించెను. నగరములందలి నేరములను గూర్చి వ్రాయఁబడిన పుస్తకములలో “న్యూయార్కు ముఠాలు” అనునంతటి ప్రసిద్ధి పొందినవి మిక్కిలి తక్కువ. గ్రంథకర్త దీనిని లాంఛనములు లేని చరిత్రమని యుపశీర్షికయందే చెప్పికొనెను. ఆ మాటను దలఁచుకొని చదువరి గొన్ని లోపములను మన్నింపవచ్చును. కాని చరిత్రమను పేరు పెట్టిన పిదపఁ జరిత్రమునకుఁ గల ప్రాణధర్మమును విడుచుటకు లాంఛనములు లేకపోవుట సాకు కాఁజాలదు.

ఈ గ్రంథమును విప్పెడి చదువరి కొన్ని ప్రశ్నలతో విప్పును. ఒక మహానగరమున నొకానొక కాలమున, నొకానొక వీథియందు దొమ్మీలు దొంగతనములు నేల పెరిగెను? ఆ వీథి జనులెవరు? వారే పని చేసి బ్రదికిరి? రక్షకభటులేల వారి నదుపుచేయలేకపోయిరి? పట్టువడినవారిని విడిపించిన పెద్దలెవ్వరు? ఈ ప్రశ్నలకు గ్రంథమునఁ గావలసినంత సమాధానము దొరకదు. దొరకునది యొక దొమ్మీ తరువాత నింకొక దొమ్మీ, ఒక కత్తిపోటు తరువాత నింకొక కత్తిపోటు. పేరులు మాఱుచుండును గాని కథ మాఱదు. నూఱు పుటలు చదివినవానికిఁ దెలిసినంతయే మున్నూఱు పుటలు చదివినవానికిని దెలియును. ఇది మొదటి నిరాశ. రెండవది యింతకంటెఁ బెద్దది. అది గ్రంథమున లేనిదానిని గూర్చినది కాదు, ఉన్నదానిని గూర్చినది.

ఈ కథలకు ముఖ్యస్థానము న్యూయార్కు నగరమున “ఫైవు పాయింట్సు” అను కూడలి. మూఁడు వీథులు కలిసికొని యైదు మొనలుగా నేర్పడుటచే దీనికాపేరు వచ్చెను. దానికి దాపున “కలెక్టు” అను మంచినీటి చెఱువొకటి యుండెడిది. తోళ్లు పదను చేయువారును, పశువులను గోయువారును, బీరు కాఁచువారును దాని గట్టునఁ జేరి నీటిని జెఱిచిరి. 1811 ప్రాంతమున దానిని బూడ్చివేసిరి. పూడ్చిన నేల గట్టిపడలేదు. ఇండ్లు క్రుంగెను, నేలమాళిగలలో నీరూరెను. కలవారు లేచిపోఁగా నద్దెలు తగ్గెను. అద్దెలు తగ్గఁగా బీదలు చేరిరి. న్యూయార్కు రాష్ట్రమున 1827లో బానిసత్వము ముగియఁగా విడుదలపొందిన నల్లజాతివారును, 1845లోఁ బ్రారంభమైన బంగాళాదుంపల క్షామముచే నిలుచుటకుఁ జోటులేక సముద్రము దాఁటివచ్చిన ఐరిషువారును నిచ్చటఁ గాపురముండిరి. ఆస్బరీ యీ చెఱువుకథను జెప్పకపోలేదు. చెప్పి విడిచిపెట్టెను. పల్లపు నేలకును దక్కువ యద్దెకును, తక్కువ యద్దెకును బేదఱికమునకును, పేదఱికమునకును నేరమునకును గల కార్యకారణసంబంధమును విచారించి యుండినచో గ్రంథము వేఱొక విధముగా నుండెడిది.

ఆ కూడలియొద్ద 1792లోఁ గట్టఁబడిన బీరుబట్టీ యొకటి గలదు. అది 1837లో నద్దెకొంపగా మాఱెను. జనులు దానిని “ప్రాఁతబట్టీ” యని పిలిచిరి. వేయిమందికిఁ బైగా జనులు దానియందుఁ గిక్కిఱిసి కాపురముండిరని ఆస్బరీ చెప్పెను. ఇంచుమించుగాఁ బదునైదేండ్లు రాత్రికొక హత్య చొప్పున నందు జరిగినట్లు లెక్కింపఁబడినదని కూడఁ జెప్పెను. వ్యాకరణము చదివినవాఁ డీ వాక్యముకడ నాగవలయును. ఇది కర్మణిప్రయోగము. “లెక్కింపఁబడినది” అను క్రియకుఁ గర్త యెవ్వఁడు? నగరపాలకుఁడా, శవపరీక్షాధికారియా, న్యాయాధిపతియా, పొరుగింటివాఁడా? వాక్యమునఁ దృతీయాంతమైన పదమేదియు లేదు. కర్మణిప్రయోగమునఁ గర్తను జెప్పకయు వాక్యమును ముగింపవచ్చునని వ్యాకరణ మనుమతించును. చరిత్రము మాత్ర మనుమతింపదు.

కర్త లేని యా లెక్కను గూడి చూచినవారికి దాని స్వరూపము తేటపడును. రాత్రికొకటి చొప్పునఁ బదునైదేండ్లకు 5,475 హత్యలు. బట్టీ యద్దెకొంపగా నుండినది 1837 మొదలు 1852 వఱకు, అనఁగా సరిగాఁ బదునైదేండ్లే. కావున నా యిల్లు నిలిచినంత కాలమును నొక్కరాత్రియైన విరామము లేదన్నమాట. ఇంటఁ గాపురమున్నవారు వేయిమంది యైనచో, నా పదునైదేండ్లలో నిల్లంతయు నైదుమాఱులు నిశ్శేషముగాఁ జచ్చి యైదుమాఱులు మఱల నిండియుండవలయును. 1840లో నగరమంతటి జనసంఖ్య 312,710. 1850లో 515,547. ఆ కాలమున నగరమంతటను జేరి యేఁటి హత్యలు పదులతో లెక్కింపఁదగినవే కాని వందలతో లెక్కింపఁదగినవి కావు. ఒక్క యింటిలో నేఁటికి మున్నూటయఱువదియైదు హత్యలు జరిగినచోఁ బీనుఁగులను మోయువారికైనఁ దెలియకపోవునా? శ్మశానపు లెక్కలలోనైన నెక్కకపోవునా? చిన్న గుణకారముతోఁ దేలిపోవు నీ మాటను గ్రంథకర్త గుణించి చూడలేదు. చూచియు వదలిపెట్టెనో చెప్పవలనుపడదు.

ఈ మాటకు మూల మెట్టిదో యూహించుట కష్టము కాదు. 1842లో నాంగ్లనవలాకారుఁడు చార్లెసు డికెన్సు రక్షకభటులను వెంటఁబెట్టుకొని రాత్రివేళ నీ కూడలిని జూచి, యా యేఁడే తన యమెరికా యాత్రాగ్రంథమునఁ దాను జూచిన మురికిని వర్ణించెను. అది మొదలుకొని పెద్దయింటివారు భటుల తోడుతో వచ్చి బీదలయిండ్లను జూచిపోవుట వేడుకయైనది. 1852లో మెథడిస్టు క్రైస్తవసమాజమునకుఁ జెందిన స్త్రీలు ప్రాఁతబట్టీని గొని, యా డిసెంబరునఁ గూలఁద్రోయించి, దాని చోట ధర్మమందిరమును గట్టించిరి. ఆ వృత్తాంతమును 1854లో గ్రంథముగాఁ బ్రకటించిరి. వారు చేసిన పని కొనియాడఁదగినది. కాని విరాళములనెత్తువారికి రోగమును బెద్దదిగాఁ జూపుట సహజము. కాసున కమ్ముడుపోవు వార్తాపత్రికలకును నదియే సహజము. భయంకరమైన మాట యొకరినుండి యొకరికి సంక్రమించుచు వచ్చెను. మొదట “అఁట” యని చెప్పఁబడినది తరువాతివారి చేతిలో “అని లెక్కింపఁబడినది” యయ్యెను. తుదకు “జరిగెను” అయ్యెను. ఆస్బరీ మధ్యదశ యందున్నాఁడు. ఆతని పుస్తకమును జదివి వ్రాసినవారు తుదిదశకుఁ జేరిరి.

ఇట్టి మాటలకు మన శాస్త్రకారులు “ఐతిహ్యము” అని పేరిడిరి. ఈ మఱ్ఱిచెట్టునందు యక్షుఁడున్నాఁ డనునది దానికి వారిచ్చు నుదాహరణము. పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఏ పెద్ద మొదటఁ జెప్పెనో తెలియదు. యక్షునిఁ జూచినవాఁడు లేఁడు. పౌరాణికు లైతిహ్యమును వేఱు ప్రమాణముగా నంగీకరించిరి. నైయాయికులు దానిని శబ్దప్రమాణముననే చేర్చిరి. దాని ఫలితమేమనఁగా, మొదట పలికినవాఁ డాప్తుఁడైనచో నది ప్రమాణము, కానిచోఁ గాదు. కావున నైతిహ్యమును విన్నంతనే త్రోసిపుచ్చఁగూడదు, నమ్మనుఁగూడదు. మూలమైన వక్తను వెదకవలయును. చరిత్రకారుని పనియంతయు నిదియే. ప్రాఁతబట్టీయొక్క రాత్రిహత్యలు మఱ్ఱిచెట్టు యక్షునివంటివి.

రెండవ యుదాహరణము “చచ్చిన కుందేళ్లు” అను ముఠాకథ. 1857 జూలై 4, 5 తేదులలో బేయార్డు వీథియొద్ద గొప్ప దొమ్మీ జరిగెను. ఎనమండ్రు మొదలు పండ్రెండుగురు వఱకు మరణించిరని లెక్కలు. ఆస్బరీ దీనిని రెండు ముఠాల పగగా వర్ణించెను. ఒక ముఠావారి సభలో నెవఁడో చచ్చిన కుందేటిని విసరెననియు, దానిని శకునముగాఁ దీసికొని యొక పక్షమువారు చీలి యా పేరు పెట్టుకొనిరనియుఁ గథ చెప్పెను. ఫైవు పాయింట్సును గూర్చి 2001లో సప్రమాణమైన గ్రంథమును బ్రకటించిన టైలరు ఆన్‌బైండరు, అట్టి పేరుగల ముఠా యుండెననుటకే గట్టి యాధారము లేదనియుఁ, బ్రత్యర్థులును బత్రికలును నా వీథివారికి నా పేరు తగిలించినట్లున్నదనియు నిర్ణయించెను.

ఆ పదముయొక్క చరిత్ర శబ్దశాస్త్రజ్ఞులు గమనింపఁదగినది. న్యూయార్కు రక్షకశాఖకు మొదటి యధికారియైన జార్జి మాట్సెలు 1859లో నొక చోరభాషానిఘంటువును బ్రకటించెను. అందు “కుందేలు” అనఁగా దుండగీఁడనియు, “చచ్చిన” యను విశేషణము చేరినచో బలిష్ఠుఁడైన దుండగీఁడనియు నర్థము చెప్పఁబడినది. దీనినిఁ జూపి కొందఱు ముఠాపేరును సమర్థింతురు. కాని నిఘంటువు 1859 నాఁటిది, దొమ్మీ 1857 నాఁటిది. దొమ్మీచేఁ బ్రసిద్ధమైన పేరు నిఘంటువున కెక్కియుండవచ్చును గదా. అట్టి నిఘంటువును జూపి దొమ్మీనాఁటి పేరును సాధించుట యన్యోన్యాశ్రయదోషము. మఱియు నా నిఘంటువు చాల భాగము లండనునందలి ప్రాఁత చోరభాషాకోశములనుండి గ్రహింపఁబడినది. కోశమునందున్న మాత్రమున నొకమాట యొకయూర వాడుకలో నుండెనని చెప్పరాదు. కోశమునకుఁ బ్రయోగము తోడుపడవలయును. ఆస్బరీ తన గ్రంథముచివర నా నిఘంటువునుండియే పదములనెత్తి పట్టికగాఁ గూర్చెను. ప్రయోగములను మాత్రము చూపలేదు.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి గలదు. 1857 వేసవిలో న్యూయార్కునందు రెండు రక్షకదళములు పరస్పరము తలపడెను. ఒకటి నగరాధ్యక్షుఁడు ఫెర్నాండో వుడ్డునకు లోఁబడినది. రెండవది రాష్ట్రశాసనసభ క్రొత్తగా నేర్పఱచినది. జూన్ 16న నగరసభామందిరము ముంగిట భటులే భటులను గొట్టిరి. జూలై 2న న్యాయస్థానము రాష్ట్రపక్షమునఁ దీర్పు చెప్పఁగా నగరదళము రద్దయ్యెను. ఆ యేఁడే మద్యవిక్రయముపైఁ గఠినమైన క్రొత్తశాసనము వచ్చి ఐరిషువారికిని జర్మనులకును గోపము గలిగించెను. తమ వీథివారైన భటులు తొలఁగి, తమకు గిట్టని ప్రభుత్వముయొక్క భటులు వీథిలో నడుగుపెట్టిన రెండుదినములకే దొమ్మీ పుట్టెను. ఆస్బరీ భటుల కలహమును వర్ణించెను, దొమ్మీనిని వర్ణించెను. రెండింటిని నొకదానిపై నొకటి పేర్చెను. మొదటిది రెండవదానికెట్లు కారణమయ్యెనో తూఁచి చూపలేదు. కుందేటికథ చదువరి మనస్సున నిలిచినంతగా నధికారపు పోరాటము నిలువకపోవుట కిదియే హేతువు.

మూఁడవ యుదాహరణము 1863 నాఁటి ఘోరము. అమెరికా యంతర్యుద్ధకాలమున సైన్యమునకు నిర్బంధముగా జనులను జేర్చుకొనుటకుఁ జట్టము వచ్చెను. 300 డాలర్లు చెల్లింపఁగలవాఁడు తప్పించుకొనవచ్చును. చెల్లింపలేని కూలివాఁడు పోవలయును. జూలై 13న న్యూయార్కునఁ బ్రారంభమైన తిరుగుబాటు నాలుగుదినములు సాగెను. ధనికులపైఁ బుట్టిన కోపము తమకంటె బలహీనులైన నల్లజాతివారిపైకి మరలెను. మొదటిదినముననే నల్లజాతి యనాథబాలల శరణాలయమును దగులఁబెట్టిరి. రెండువందలకుఁ బైగా బాలలు ప్రాణములతో బయటపడిరి. తరువాతి దినములలో నల్లజాతివారిని బట్టి వీథిదీపముల స్తంభములకు నురిదీసిరి. ఈ యుపద్రవమున రెండువేలమంది చనిపోయిరనియు నెనిమిదివేలమంది గాయపడిరనియు నంచనా వేయఁబడినదని ఆస్బరీ చెప్పెను. ఇచ్చటను వాక్యము కర్తృహీనమే. ఏడ్రియను కుక్కు అను చరిత్రకారుఁడు 1974లో నీ తిరుగుబాటును గూర్చి గ్రంథము వ్రాసి, మృతులను విడివిడిగా వెదకి లెక్కించెను. నిశ్చయముగాఁ జెప్పఁదగినవారు 105 మంది యని తేల్చెను.

నూటయైదు తక్కువయని యెవఁడును దలఁపఁగూడదు. అది యా నగరచరిత్రయందు మిక్కిలి ఘోరమైన సంగతులలో నొకటి. అయినను రెండువేలనెడి సంఖ్యకును నూటయైదనెడి సంఖ్యకును భేదము పరిమాణమున మాత్రమే కాదు. రెండువేలు పేరులేని పీనుఁగుల గుట్ట. నూటయైదు విడివిడి మనుష్యులు. ఇతఁ డీ వీథివాఁడు, ఇతఁ డీ పని చేయువాఁడు, ఇతని నీ కారణమునఁ జంపిరి యని చెప్పుటకు వీలైనవారు. ఆ లెక్కను బెంచినవాఁడు మృతులకు గౌరవము చేసినవాఁడు కాఁడు. వారిని మఱుఁగుపఱచినవాఁడు.

ఆస్బరీ పక్షమునఁ జెప్పఁదగినవియుఁ గలవు. ఎన్నికలలో నోట్లు సంపాదించుటకు టామనీ యను రాజకీయసంఘమువారు ముఠాలను బోషించిరనియు, ముఠావాఁడు పట్టువడినపుడు వానిని విడిపించిరనియు నాతఁడు స్పష్టముగాఁ జెప్పెను. ఆతఁడు సేకరింపకున్నచో మఱుఁగుపడియుండెడి పత్రికావృత్తాంతములును బెక్కు గలవు. గ్రంథాంతమునఁ దాను జూచిన పుస్తకముల పట్టికయు నిచ్చెను. కాని పట్టిక యిచ్చుట వేఱు, ఏ మాట యేపుస్తకమునుండి వచ్చెనో చెప్పుట వేఱు. పట్టికనుబట్టి యాతఁడు చదివినవాఁడని తెలియును. రాత్రిహత్యలమాట యెవరిదో తెలియదు. నాటకపాత్రమైన “మోసు” అనువానిని గూర్చి యాతఁడు వ్రాసినదానినిఁ జూచినచో నీ కొఱఁత యింకను దెలియును. మోసు 1848లోఁ బ్రదర్శింపఁబడిన నాటకముచేఁ బ్రసిద్ధుఁడైనవాఁడు. ఎనిమిదడుగుల పొడవు గలవాఁడని జనులు వానిపైఁ గథలల్లిరి. ఆస్బరీ వానిని గాథాపురుషుఁడుగానే చెప్పినను నిజమైన దొమ్మీల నడుమ వానిని నడిపించుటచేఁ జదువరికి గాథ యెచ్చట ముగిసెనో, వృత్తాంత మెచ్చట మొదలయ్యెనో తెలియకుండఁ బోయెను.

కావ్యమునకీ స్వాతంత్ర్యము గలదు. అర్జెంటీనా రచయిత హోర్హె లూయీసు బోర్హెసు 1935లో ఆస్బరీ గ్రంథమునుండి యొక ముఠానాయకుని వృత్తాంతమును గ్రహించి కథగా మలచెను. 2002లో మార్టిన్ స్కోర్సెసీ యీ గ్రంథము పేరుతోనే చలనచిత్రమును నిర్మించెను. వారిపై నాక్షేపణము లేదు. కవి కల్పింపవచ్చును, కల్పించితినని లోకమెఱుఁగును. చరిత్రకారుఁడు కల్పనను వృత్తాంతముగాఁ జెప్పినపుడే దోషము.

ఇఁక నా కూడలియందు నిజముగా జీవించినవారెట్టివారు? దీనికి సమాధానము వేఱు తావుల లభించెను. 1850లో నెలకొల్పఁబడిన వలసదారుల పొదుపుబ్యాంకు లెక్కలను ఆన్‌బైండరు పరిశీలించెను. ఐర్లండునఁ గెర్రీ ప్రాంతపు లాన్స్‌డౌను జమీనునుండి కట్టుబట్టలతో వచ్చి ఫైవు పాయింట్సునఁ జేరిన కూలివారిలోఁ బలువురు కొన్నియేండ్లలోనే వందలకొలఁది డాలర్లు దాఁచిరని యా లెక్కలు తెలుపుచున్నవి. దొంగసొమ్మును బ్యాంకులో వారమువారము కొంచెముకొంచెముగా వేయుదురా? అది కూలిసొమ్ము. 1991లో న్యాయస్థానభవనమును గట్టుటకుఁ బునాదులు త్రవ్వునపుడు, ఆ వీథియిండ్ల వెనుకటి మరుఁగుదొడ్ల గోతులును నూతులును బయల్పడెను. వానియందు సుమారు 850,000 వస్తుశకలములు దొరకెను. పింగాణిపళ్లెములు, తేయాకుపాత్రలు, కుట్టుపని సామగ్రి, పిల్లల కప్పులు, మద్యనిషేధమును బోధించిన ఐరిషు మతగురువుని బొమ్మగల గిన్నె. ఒక వేశ్యాగృహపు గోతిలో శిశువుల యెముకలును దొరకెను. పాప మచ్చట లేదని యెవరును జెప్పలేదు. పాపముతోపాటు సంసారమును నుండెనని యా గోతులు చెప్పినవి.

ఆ వస్తువులను భద్రపఱచిన చోటు ప్రపంచవాణిజ్యకేంద్రభవనములలో నొకదాని నేలమాళిగ. 2001 సెప్టెంబరు 11న నా భవనసముదాయముతో నవియు నశించెను. ప్రదర్శనకై వేఱుచోటికిఁ బంపఁబడిన 18 వస్తువులు మాత్రము మిగిలెను. ప్రత్యక్షప్రమాణము బూడిదయయ్యెను. అంతకుముందే వానిని బరీక్షించి వ్రాసియుంచిన పరిశోధకుల వాక్యములే నేఁడు మనకు ఫైవు పాయింట్సుయొక్క పళ్లెములు, గిన్నెలు. ఆ వాక్యములందుఁ గర్త యున్నాఁడు. త్రవ్వినవాఁ డెవఁడో, ఏ గోతినుండి యేమి తీసెనో వ్రాసియున్నది. కావుననే వస్తువులు నశించినను జ్ఞానము నశింపలేదు. ప్రాఁతబట్టీ హత్యలకు నట్టి వాక్య మొక్కటియు లేదు.

ఈ విచారము దూరదేశపు ముచ్చటయని యాంధ్రులు తలఁపనక్కఱలేదు. ఒక వీథినంతను నేరపు వీథియనుట యలవాటైనచోట నొక తెగనంతను నేరపు తెగయనుటకుఁ దడవుండదు. భరతఖండమున 1871లోఁ బుట్టిన నేరస్థజాతుల చట్ట మట్టి పనిని జేసెను. ఒక తెగను నేరస్థజాతిగాఁ బ్రకటించినచో నా ప్రకటన చెల్లునా యని న్యాయస్థానమున నడుగుటకు వీలు లేకుండఁ గట్టుదిట్టము చేయఁబడెను. 1911 నాఁటి చట్టముతో నది చెన్నరాజధానికిని వ్యాపించెను. ఎఱుకలవారు దానికి లోనైరి. 1913లో బాపట్లకు సమీపమున స్టూవర్టుపురము వారికొఱకు వెలసినది. చట్టము 1952లో రద్దయినను నా యూరిపేరు వినఁగానే దొంగతనమును దలఁచువారు తరువాతను బెక్కండ్రుండిరి. “ఈ తెగ నేరములు చేయునదిగాఁ దెలియవచ్చినది” యను వాక్యమునకుఁ గర్త యెవఁడని యడుగఁబడకపోవుటచేఁ గలిగిన ఫలమిది. అడిగియుండినచో నొక పోలీసు నివేదిక, దాని వెనుక నింకొక నివేదిక, దాని వెనుక నొకానొక యాత్రికుని వినికిడి బయటపడి యుండెడివి. ఆస్బరీ యెవ్వరి కీడును గోరి వ్రాసినవాఁడు కాఁడు. ఆతనిది వినోదదృష్టి. కాని కర్తృహీనవాక్యము వినోదమునకు వ్రాయఁబడినను, శాసనమునకు వ్రాయఁబడినను జేయు పని యొకటియే. అది తనకు సాక్ష్యమీయలేనివారిపైఁ దీర్పు చెప్పును.

కావున నిట్టి గ్రంథములను బడులలోఁ జదివించువారును, వానినుండి వ్యాసములు వ్రాయువారును మూఁడు పరీక్షలు చేయవచ్చును. సంఖ్య కనఁబడినచో దానిని గుణించి, జనసంఖ్యతోఁ బోల్చి చూడవలయును. వింతపేరు కనఁబడినచో దాని ప్రయోగము సంఘటనకు ముందుదో వెనుకటిదో విచారింపవలయును. కర్మణిక్రియ కనఁబడినచో దాని కర్తను వెదకవలయును. కర్త దొరకనిచో నా వాక్యమును బాఱవేయ నక్కఱలేదు. దానిని దెలుఁగు చేయునపుడు చివర “అఁట” యని చేర్చినఁ జాలును. ఆస్బరీ గ్రంథము నీ విధముగాఁ దెలిఁగించినచో నందు “అఁట” లేని పుట లెన్ని మిగులునో చదువరులే లెక్కించుకొనవచ్చును. మిగిలినంత మాత్రము చరిత్రము. తక్కినది కథ. కథగాఁ జదివినవారికి నిరాశ కలుగదు.